టెన్నిస్‌లో కింది ర్యాంకుల ఆటగాడు

ప్రపంచం మొత్తమ్మీద 137వ స్థానంలో ఉన్న డాక్టరును కింది ర్యాంకు డాక్టరని ఎవరూ అనరు. ఆయన ఊళ్లోకొస్తే పూలదండలు పట్టుకుని స్టేషనుకు వెళ్తారు. టెన్నిస్‌లో మాత్రం 137 అంటే పేపర్లో పేరు కనిపించని అంకె. పెద్ద టోర్నీల్లో నేరుగా చోటు దొరకదు, అర్హత పోటీలు ఆడి లోపలికి రావాలి. ప్రపంచ ర్యాంకుల్లో 100 దాటి, వెయ్యి అవతల దాకా ఎక్కడో ఒక చోట ఉంటూ, వేరే పని పెట్టుకోకుండా ఏడాదంతా దేశాలు పట్టి తిరిగే ఆటగాళ్లను కింది ర్యాంకువాళ్లు అనడం వాడుక. ఈ వ్యాసం వాళ్ల బతుకుతెరువు గురించి. ఆట గురించి తక్కువ, లెక్కల గురించి ఎక్కువ ఉంటుంది. ఆ బతుకే అంత.

తెలుగువాళ్లలో ఇందుకు చక్కని ఉదాహరణ సాకేత్ మైనేని. 1987 అక్టోబర్ 19న కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టాడు, విశాఖపట్నంలో పెరిగాడు. ఆరడుగులు దాటిన మనిషి, సర్వీసే ఆయుధం. అమెరికాలోని అలబామా యూనివర్సిటీకి ఆడుతూ చదువుకున్నాడు కాబట్టి, వేరేవాళ్లు పద్దెనిమిదో ఏట మొదలుపెట్టే వృత్తిలోకి ఇరవైల నడుమ దిగాడు. 2014లో ఇండోర్ ఛాలెంజర్ గెలిచాడు. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సనమ్ సింగ్‌తో పురుషుల డబుల్స్ రజతం తెచ్చాడు. 2015లో వియత్నాంలోని హో చి మిన్ సిటీ ఛాలెంజర్ ఫైనల్లో ఆస్ట్రేలియా కుర్రాడు జోర్డాన్ థాంప్సన్‌ను వరస సెట్లలో ఓడించాడు. ఆ థాంప్సనే తర్వాత మొదటి 30 మందిలోకి ఎక్కి, 2024లో యూఎస్ ఓపెన్ డబుల్స్ ట్రోఫీ ఎత్తాడు. ఒక వారం ఒకే కోర్టు మీద నిలబడ్డ ఇద్దరు తర్వాత ఎంత దూరం అయిపోతారో చెప్పడానికి ఈ ఫైనల్ గుర్తుపెట్టుకోదగ్గది.

సాకేత్ కెరీర్ మొత్తం 2016 ఆగస్టు ఆఖరి నుంచి సెప్టెంబర్ మధ్య దాకా, మూడు వారాల్లోకి ఒదిగి కనిపిస్తుంది. అర్హత పోటీలు గెలిచి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో అడుగుపెట్టాడు. మొదటి రౌండులో చెక్ ఆటగాడు యిరీ వెసెలీతో ఐదు సెట్లు ఆడాడు. చివర్లో కండరాలు పట్టేసి కాలు కదపలేని స్థితిలో ఐదో సెట్టు 5-7తో పోగొట్టుకున్నాడు. ఓడినా ఆ ఒక్క మ్యాచికి దక్కింది 43 వేల డాలర్ల పైచిలుకు. ఆ తర్వాత మూడు వారాలు తిరక్కుండా ఢిల్లీలో స్పెయిన్‌తో డేవిస్ కప్. లియాండర్ పేస్ పక్కన నిలబడి రఫేల్ నాదల్, మార్క్ లోపెజ్ జోడీ మీద మొదటి సెట్టు గెలిచి, తర్వాతి మూడూ ఓడాడు. అక్టోబర్‌లో సింగిల్స్ ర్యాంకు 137కు చేరింది. అప్పటికి వయసు 29కి దగ్గర పడింది. ఆపైన గాయాలు. 2017లో అర్జున అవార్డు వచ్చింది గానీ సింగిల్స్‌లో ఆ 137 మళ్లీ కనిపించలేదు.

వృత్తి టెన్నిస్‌లో మెట్లు ఎలా ఉంటాయో తెలియనివాళ్ల కోసం. అన్నిటికంటే కింద అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య (ఐటీఎఫ్) నడిపే టోర్నీలుంటాయి. పాతవాళ్లు ఇప్పటికీ వీటిని ఫ్యూచర్స్ అనే అంటారు. ఎం15 అంటే మొత్తం బహుమతి 15 వేల డాలర్లున్న వారం. దాని పైమెట్టు ఎం25. ఆ పైన పురుషుల టూరు నడిపే సంస్థ ఏటీపీ ఛాలెంజర్లు, ఇందులోనే 50 నుంచి 175 దాకా తరగతులు. ఆ పైన ఏటీపీ 250, 500, 1000. అన్నిటికీ పైన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు. తరగతి పేరులోని అంకె చాలావరకు విజేతకు వచ్చే పాయింట్లకు గుర్తు: ఎం15 గెలిస్తే 15 పాయింట్లు, ఛాలెంజర్ 50 గెలిస్తే 50, గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2,000. ఎం15లో మొదటి మ్యాచ్ గెలిస్తే ఒక్క పాయింటు. ఓడితే సున్నా. ఆ ఒక్క పాయింటుతోనే ఆటగాడి పేరు ప్రపంచ ర్యాంకుల జాబితాలోకి ఎక్కుతుంది. అది కొట్టడానికి ఏడాది పట్టినవాళ్లూ ఉన్నారు, ఎప్పటికీ కొట్టనివాళ్లూ ఉన్నారు.

1973 ఆగస్టులో కంప్యూటర్ ర్యాంకులు మొదలైనప్పటి నుంచీ ఒక సూత్రం పెద్దగా మారలేదు: పాయింటు ఆయుష్షు 52 వారాలు. నిరుడు ఈ వారం గెలిచినవి ఈ సోమవారం రాలిపోతాయి. రాలినచోట అంతో ఇంతో కొత్తవి వేసుకోకపోతే మనిషి ఆడకుండానే కిందికి జారతాడు. ఆటగాళ్ల భాషలో దీన్ని పాయింట్లు డిఫెండ్ చేయడం అంటారు. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లున్నా పాయింట్లకు సంబంధం లేదు. ఆరు నెలలకు పైగా గాయంతో దూరమైతే పాత ర్యాంకును కాపాడే ఏర్పాటు ఒకటుంది. అయితే దాంతో కొన్ని టోర్నీల్లో చోటు దొరుకుతుందే తప్ప పాయింట్లు తిరిగి రావు. దిన గండం నూరేళ్ల ఆయుష్షు అన్న సామెతను ఈ వృత్తికి వర్తింపజేయాలంటే వారం గండం అని మార్చాలి.

ఒక ఎం15 మంగళవారాన్ని దగ్గర నుంచి చూద్దాం. బాల్ బాయ్స్ ఉండరు. బంతులు ఆటగాళ్లే ఏరుకుంటారు. ఎత్తు కుర్చీలో ఒక అంపైర్, ఆయన చేతిలో ఒక ట్యాబ్లెట్. గ్యాలరీ అనదగ్గది ఏమైనా ఉంటే అందులో తర్వాతి మ్యాచ్ ఆడాల్సిన ఇద్దరు, ఎవరిదో అమ్మ, నీళ్ల సీసాల కుర్రాడు. మొదటి రౌండులో ఓడినవాడి చేతికొచ్చేది 156 డాలర్లు, అదీ అక్కడి పన్ను కోతకు ముందు. మ్యాచ్ అయిన అరగంటలో అతను గోడకు వీపానించి కూర్చుని ఫోనులో టికెట్ మార్చుకుంటూ ఉంటాడు. డబుల్స్ ఇంకా ఉంటే మార్చుకోడు, గది అద్దె మరో రెండు రోజులు భరిస్తాడు. గది ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. ఆ ఇద్దరికీ మర్నాడు ఒకరితో ఒకరికే మ్యాచ్ పడటం కొత్తేమీ కాదు. బాత్రూంలో ఉతికిన టీషర్టులు ఏసీ గాలికి ఆరుతుంటాయి. రాకెట్ తీగలు తెగుతూనే ఉంటాయి, టోర్నీలో బిగించే మనిషికి రాకెట్టుకింత అని ఇవ్వాలి. అందుకే కొందరు చిన్న స్ట్రింగింగ్ మెషీన్ సూట్‌కేసులో మోసుకొస్తారు. రాత్రి పదకొండింటికి తన రాకెట్లు బిగించుకుని, పక్క గదివాడివి కూడా రెండు బిగించి భోజనం ఖర్చు రాబట్టుకునేవాళ్లున్నారు.

వారమంతా గెలిచి ట్రోఫీ ఎత్తినవాడికి ఆ ఎం15లో దక్కేది 2,160 డాలర్లు. 32 మందిలో ఐదు మ్యాచులు వరసగా గెలిచిన ఒక్కడి సంగతి ఇది. ట్యునీషియాలోని మొనాస్టిర్, టర్కీలోని అంటాల్యా, ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లలో ఒకే చోట వారం వెంట వారం ఇలాంటి టోర్నీలు నడుస్తుంటాయి. విమానం ఖర్చు ఒక్కసారే పెట్టి నాలుగైదు వారాలు ఆడొచ్చని మన కుర్రాళ్లూ అక్కడికే పోతారు. రిసార్టు బయట సముద్రం ఉంటుంది గానీ దాని వైపు చూసే తీరిక ఎంతమందికి దొరుకుతుందో! ఎంట్రీ వేయాల్సింది రెండున్నర వారాల ముందు. డ్రాలో చోటు తగిలిందో లేదో తెలిసేసరికి మిగిలేది పదిహేను రోజులు. భారత పాస్‌పోర్టు పట్టుకున్నవాడు ఆ పదిహేను రోజుల్లో వీసా తెచ్చుకోవాలి. స్పెయిన్ కుర్రాడు రైలెక్కి వచ్చే టోర్నీకి మనవాడు కాన్సులేటు వరసలో నిలబడి రావాలి. ర్యాంకుల పట్టికలో ఈ తేడాకు గడి లేదు.

ఉగాది పంచాంగంలో ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని వినగానే ముఖం మాడ్చుకుంటాం కదా. ఈ వృత్తిలో దాదాపు అందరిదీ ఆ రాశే. ఐటీఎఫ్ 2013 లెక్కలు తీసి చేసిన సమీక్షలో తేలింది ఇది: ఏడాదికి ప్రయాణం, బస, తిండి, తీగలు వగైరాలకు సగటున పురుషులకు 38,800 డాలర్లు, మహిళలకు 40,180 డాలర్లు ఖర్చవుతుంది. కోచ్ జీతం ఇందులో లేదు. ఆ ఖర్చు బహుమతి సొమ్ముతో పూడ్చుకోవాలంటే పురుషుల్లో 336, మహిళల్లో 253 ర్యాంకు లోపల ఉండాలి. ఆ ఏడాది వృత్తి టోర్నీల్లో ఆడినవాళ్లు 14 వేలకు అటూ ఇటూ. కోచ్‌ను, ఫిజియోను వెంట తిప్పుకుంటే గీత ఇంకా చాలా పైకి జరుగుతుంది. దీనికి నిలువెత్తు సాక్ష్యం సుమిత్ నాగల్ చెప్పిన మాట. 2023 సెప్టెంబర్‌లో, దేశంలో సింగిల్స్ నంబర్‌వన్‌గా ఉన్న రోజుల్లో, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే మిగిలాయని బయటపెట్టాడు. అంటే సుమారు 80 వేల రూపాయలు. అప్పటికి అతని ర్యాంకు 160కి ఈవల. నాలుగు నెలల తర్వాత ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అర్హత పోటీలు దాటి, మొదటి రౌండులో 31వ సీడ్ అలెగ్జాండర్ బుబ్లిక్‌ను ఓడించాడు. ఆ రెండు వారాల్లో వచ్చిన డబ్బు అంతకు ముందు ఎన్నో నెలల సంపాదనను మించిపోయింది. కింది ర్యాంకువాడు గ్రాండ్‌స్లామ్ అర్హత పోటీల కోసం అంతలా ఎందుకు తపిస్తాడో ఇక్కడ అర్థమవుతుంది. ఏడాదిలో నాలుగే నాలుగు సార్లు ఆ తలుపు కొంచెం తెరుచుకుంటుంది.

బహుమతి సొమ్ముతో పూడనిది ఎక్కణ్ణుంచి పూడుతుంది? ముందు తండ్రి జేబు. ఆ తర్వాత అమెరికా కాలేజీ: నాలుగేళ్లు చదువు, తిండి, కోచింగ్, మ్యాచులు అన్నీ స్కాలర్‌షిప్ కింద గడుస్తాయి. సాకేత్ దారి అదే, మహిళల్లో సహజ యమలపల్లి కూడా సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీకి ఆడి వచ్చింది. ఆ తర్వాత జర్మనీ, ఫ్రాన్స్ దేశాల క్లబ్ లీగులు: అక్కడి క్లబ్బు తరఫున ఆడితే మ్యాచికింత అని ముందే మాట్లాడుకున్న డబ్బు వస్తుంది. మన దేశంలో వీటన్నిటి కంటే నమ్మకమైనది స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. నాగల్‌కు ఇండియన్ ఆయిల్ జీతం ఉంది కాబట్టే ఆ 900 యూరోల రోజులు గడిచాయి.

ఈ చివరి సంగతి మా ఊరు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి సెక్టర్ 7 పాఠకులకు విడమర్చి చెప్పక్కర్లేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొలిచి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించిన ఉక్కు ప్లాంటు చుట్టూ సెక్టర్లుగా కట్టిన టౌన్‌షిప్ ఇది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు మూడో తరానికి చేరాయి. ఈ వ్యాసం రాస్తున్నది ఇక్కడి నుంచే, కల్యాణ్ కాలేజీ ఉన్న సెక్టరు నుంచి. మూడు షిఫ్టుల ఊళ్లో జీతమంటే నెలాఖరుకు బ్యాంకులో పడేది. ఇంక్రిమెంటు ఉంటుంది, క్వార్టరు ఉంటుంది, జబ్బు చేస్తే సెక్టర్ 9 ఆసుపత్రి ఉంటుంది. అలాంటి ఇంట్లో పిల్లవాడు టెన్నిస్‌నే ఉద్యోగంగా చేసుకుంటానంటే తండ్రి మొదట అడిగేది ‘పర్మనెంటా?’ అని. ఆ ప్రశ్న వింటే పట్నాల వాళ్లు నవ్వుతారేమో. నాకైతే ఐటీఎఫ్ సమీక్ష మొత్తానికీ అంతకంటే మంచి శీర్షిక తోచదు.

ఇలాంటి ఊళ్లో మొదలయ్యే ఆటగాడికి తొలి ఖర్చు దూరమే. పిల్లల ర్యాంకులకు జాతీయ సంఘం నడిపే టాలెంట్ సిరీస్, చాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్ టోర్నీలు ఆడాలి. పన్నెండేళ్ల లోపు, పద్నాలుగు లోపు అంటూ వయసుల వారీగా. మెట్టు పెరిగేకొద్దీ టోర్నీ ఊరు దూరమవుతుంది, తోడు వెళ్లే తల్లికో తండ్రికో సెలవులు కరిగిపోతాయి. భిలాయి వాళ్లకు హౌరా–ముంబై లైను మీద దుర్గ్ స్టేషన్ పక్కనే ఉండటం ఒక వరం. 2024 సెప్టెంబర్‌లో మొదలైన దుర్గ్–విశాఖ వందే భారత్ తెల్లారకముందే బయల్దేరి ఎనిమిది గంటల్లో దించుతుంది. అంతకు ముందు అదే దారిలో రాయగడ మీదుగా రాత్రంతా కూర్చుని వెళ్లి, పొద్దున్నే కోర్టులో దిగిన పిల్లలకు ఆ ఎనిమిది గంటల విలువ తెలుసు. ఒక ఉక్కు నగరం నుంచి ఇంకో ఉక్కు నగరానికి పోయే ఆ రైలు సాకేత్ పెరిగిన ఊళ్లోనే ఆగుతుంది.

సింగిల్స్‌లో దారి మూసుకుపోయినవాళ్లకు డబుల్స్ పక్క తలుపు లాంటిది. సికింద్రాబాద్‌లో 1987 జులైలో పుట్టిన విష్ణువర్ధన్ సింగిల్స్‌లో మొదటి 200లోకి ఎప్పుడూ రాలేదు. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సానియాతో మిక్స్‌డ్ రజతం తెచ్చాడు. 2012లో పేస్‌తో జోడీ కట్టడానికి మహేశ్ భూపతి, రోహన్ బోపన్న ఇద్దరూ ససేమిరా అనడంతో లండన్ ఒలింపిక్స్‌కు పేస్ పక్కన విష్ణును పంపారు. అప్పుడు అతని డబుల్స్ ర్యాంకు 207. దేశమంతా ఆ అంకెను పట్టుకుని వాదించుకుంది, ఆ అంకె వెనకున్న మనిషిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ జోడీ మొదటి రౌండులో నెదర్లాండ్స్‌కు చెందిన రోయర్, హాసెలను ఓడించి, రెండో రౌండులో ఫ్రెంచివాళ్లు సోంగా, లోద్రాల మీద మూడు సెట్లు పోరాడింది. విష్ణు 2018లో శ్రీరామ్ బాలాజీతో వింబుల్డన్ మెయిన్ డ్రా కూడా ఆడాడు. తర్వాతి తరంలో హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి సింగిల్స్ మీద ఆశ పెద్దగా పెట్టుకోకుండా డబుల్స్‌నే నమ్ముకుని, 2024 అక్టోబర్‌లో అర్జున్ కాధేతో అల్మాటీ ఓపెన్, 2025లో కొలంబియాకు చెందిన నికొలాస్ బారియెంటోస్‌తో చిలీ ఓపెన్ గెలిచాడు. రెండూ ఏటీపీ 250 టైటిళ్లే. సాకేత్ కూడా ముప్పై దాటాక యూకీ భాంబ్రీతో ఛాలెంజర్లు గెలుచుకుంటూ డబుల్స్‌లో వంద లోపలికి వచ్చాడు. డబుల్స్‌లో డబ్బు తక్కువ. ఇద్దరూ పంచుకోవాలి. అయినా మోకాళ్లు ఇంకో అయిదారేళ్లు ఎక్కువ నిలుస్తాయి.

మహిళల వైపు మెట్లు ఇంచుమించు ఇవే, పేర్లే వేరు. సానియా 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో సొంత జనం ముందు డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచి, 2007లో 27వ ర్యాంకు చేరడంతో తెలుగు ఇళ్లలో రాకెట్లు కొనడం మొదలైంది. ఆ టోర్నీ మాత్రం నిలవలేదు. పురుషులకు చెన్నైలో, తర్వాత పుణెలో నడిచిన ఏటీపీ 250 కూడా 2023తో దేశం దాటిపోయింది. సొంత గడ్డ మీద పెద్ద టోర్నీ ఉంటే ర్యాంకు చాలకున్నా నిర్వాహకులు ఇచ్చే చోట్లు, అంటే వైల్డ్ కార్డులు, మనవాళ్లకే దక్కుతాయి. అది పోవడం కింది ర్యాంకువాళ్లకు తగిలినంతగా పైవాళ్లకు తగల్లేదు.

ఈ బతుకులో చీకటి కోణం బెట్టింగ్. అంపైర్ చేతి ట్యాబ్లెట్ గురించి పైన చెప్పాను. దాంట్లో నొక్కిన ప్రతి పాయింటూ క్షణాల్లో ప్రపంచమంతా పందేలవాళ్ల తెరల మీదికి పోతుంది. 2012 నుంచి ఐటీఎఫ్ ఈ స్కోర్లను ఒక డేటా సంస్థకు అమ్మింది. నలుగురు కూడా చూడని మ్యాచి మీద లక్షలు మారతాయి. గెలిస్తే 258 డాలర్లు, ఒక సెట్టు వదిలేస్తే వేలు ఇస్తామని ఫోనులో సందేశం. 2018లో ఒక స్వతంత్ర కమిటీ ఈ కింది మెట్లలో సమస్య సునామీలా ఉందని తేల్చి, లాభంలో ఉన్న ఆటగాళ్లు 250 నుంచి 350 మందే అని కూడా రాసింది. ఈ రెండు వాక్యాలూ ఒకే నివేదికలో ఉండటం యాదృచ్ఛికం కాదు. మరుసటి ఏడాది ఆటగాళ్ల సంఖ్యను తగ్గిద్దామని ఎం15లకు ఏటీపీ పాయింట్లు తీసేశారు. వందల మంది పేర్లు ర్యాంకుల్లోంచి మాయమయ్యాయి. గోల లేచి, ఆగస్టుకల్లా పాయింట్లు వెనక్కిచ్చారు. పేదరికం తగ్గించమంటే పేదల జాబితా కొట్టేయడం లాంటిదది.

2024 నుంచి ఏటీపీ ‘బేస్‌లైన్’ పేరుతో కనీస ఆదాయ పథకం పెట్టింది. నిర్ణీత సంఖ్యలో టోర్నీలు ఆడినా సంపాదన తగ్గితే, మొదలైన ఏడాదిలో మొదటి 100 ర్యాంకులవాళ్లకు 3 లక్షల డాలర్లు, 101 నుంచి 175 దాకా లక్షన్నర, 176 నుంచి 250 దాకా 75 వేలు వచ్చేలా తేడా సొమ్ము భర్తీ చేసేలా ఏర్పాటు చేశారు. 2016 నాటి సాకేత్‌కు ఇలాంటి అండ ఉండి ఉంటే ఆపైన రోజులు మరోలా గడిచేవేమో. 251వ ర్యాంకువాడికి మాత్రం మొనాస్టిర్, స్ట్రింగింగ్ మెషీన్, పక్క గదివాడి రాకెట్లు అలాగే ఉన్నాయి.

ఈ వృత్తికి రిటైర్మెంట్ వేడుక దాదాపు ఉండదు. సాకేత్ 35 ఏళ్ల వయసులో, 2023 సెప్టెంబర్‌లో, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో డబుల్స్ రజతం అందుకున్నాడు. అంత వయసు దాకా, అంత వెలుగులో నిలిచేవాళ్లు అరుదు. మిగతావాళ్లు ఒక సీజన్ మధ్యలో ఎంట్రీలు వేయడం మానేస్తారు. ఏదో ఒక అకాడమీలో ఉదయం ఆరింటి బ్యాచికి కోచ్‌గా చేరతారు. ఆఖరు పాయింటు గెలిచిన వారానికి 52 వారాలు నిండిన సోమవారం పేరు జాబితాలోంచి జారిపోతుంది. ఆ సమయానికి అతను బుట్టలోంచి బంతులు తీసి పిల్లలకు ఫోర్‌హ్యాండ్‌కు అందిస్తూ ఉంటాడు. జాబితా చూసుకోవడం మానేసి అప్పటికే కొన్ని నెలలై ఉంటుంది.